త్వరలోనే

మా వృత్తిలో "త్వరలోనే" అంటే పదివేల ఏళ్ల లోపు అని. వానకు మట్టి కొట్టుకుపోవడం, ఎండకు రాయి బీటలు వారడం, తన బరువుకు తానే కొండ కిందికి ఒరగడం లెక్కగట్టేవాడికి వెయ్యేళ్లు ఒక పూటతో సమానం. ఆఫీసులో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్క ఇల్లు కొండ వాలుకు ఆనుకుని ఉండేది. ముందుగదిలో బావ గడియారాలు బాగుచేసేవాడు. వాలు మీద నేను పాతిన ఇనుప మేకులు ఏడాదిలో రెండు మిల్లీమీటర్లు కిందికి జరిగాయి. అది కొలిచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అక్క అడిగింది, ఈ కొండ జారుతుందా అని.

"జారుతుంది. త్వరలోనే," అన్నాను.

చిన్నప్పటి నుంచీ అక్క నా మాట లెక్కచేసింది లేదు. మేధావి అని పిలిచేది, పొగడ్తగా కాదు. అలాంటిది నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసింది. బావ పనిబల్లను లారీ ఎక్కిస్తుంటే కారణమేమిటో నాకు తట్టింది. చెప్పబోయాను. అంతలో అక్క పక్కింటావిడతో, "మా తమ్ముడు చెప్పాడు. వాడికి తెలియంది లేదు," అంది.

ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది. బల్ల రెండో కొస పట్టుకుని పైకెత్తాను.

కొత్త వీధిలో బావని ఎరిగినవాళ్లు లేరు. దుకాణం నడవలేదు. పదిహేనేళ్లు ఎవరి కొట్లోనో కూర్చుని గోడ గడియారాలకు బ్యాటరీలు మార్చాడు. పోయిన నెల కాలం చేశాడు. ఈ పదిహేనేళ్లలో కొండ కదిలింది మూడు సెంటీమీటర్లు.

మొన్న వెళ్లి, మా వృత్తిలో "త్వరలోనే" అన్న మాటకు అర్థమేమిటో అక్కకి చెప్పాను. ఎవరికో ఇచ్చేయడానికి బావ చొక్కాలు మడతపెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"అయితే జారింది కొండ కాదు, నీ నోరు," అంది. "పోనీలేరా. కావాలని చేశావా ఏంటి? మీ బావ వింటే పడీపడీ నవ్వేవాడు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"లారీ ఎక్కించేటప్పటికే నాకు తెలుసక్కా."

చేతులు ఆగిపోయాయి. "మీ బావకి చెప్పావా?" అని అడిగింది.

"లేదు."

"అదొక్కటి మంచిపని చేశావు."

మడిచిన చొక్కా విప్పి, మళ్లీ మొదటి నుంచి మడవసాగింది. నన్ను కూర్చోమనలేదు, వెళ్లమనలేదు.