మైకు బండి మాట

గుడివాడ జనానికి సినిమా చూడటం ఎంత ఇష్టమో, చూసొచ్చి దాని మీద తీర్పు చెప్పడం అంతకు రెట్టింపు ఇష్టం. మ్యాట్నీ వదిలేసరికి హాలు ఎదుట సోడా బండి దగ్గర చిన్నపాటి కోర్టు కొలువుదీరుతుంది. వకీళ్ళూ వాళ్ళే, జడ్జీలూ వాళ్ళే. ముద్దాయి తెర మీదే ఉండిపోతాడు కాబట్టి ఎదురు చెప్పే నాథుడు ఉండడు.

ఉప్పెనకి దివిసీమ మునిగిన ఏడాదిన్నరకి, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆ కోర్టు ముందుకి ఒక పోలీసు ఆఫీసరు కేసు వచ్చింది. బొమ్మలో కథ ఇది. కొండ మీద ఊళ్ళో ఒక బడిని తుపాకుల ముఠా ఆక్రమిస్తుంది. పిల్లలు, పంతుళ్ళు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు లోపల చిక్కుకుంటారు. ఆఫీసరు తుపాకి పక్కన పెట్టి, బడి ఎదుట నిలబడి, చేతిమైకులో ముఠాతో మాట్లాడుతూనే ఉంటాడు. బెదిరిస్తాడు, బతిమాలతాడు, కొందరిని విడిపిస్తాడు. మధ్యలో గడువు సంపాదించడానికి లోపలున్న అందరికీ వినబడేలా ఒక అబద్ధం ఆడతాడు. మీ అందరి కోసం బస్సు బయల్దేరింది, సిద్ధంగా ఉండండి అంటాడు. ఏ బస్సూ రాదు. చివర్లో వెనక గది కింద మందుగుండు పెట్టారని తెలిసి, కిటికీల్లోంచి దూకెయ్యండని నిజంగానే కేకలు పెడితే, ఆ గదిలో వాళ్ళు మాత్రం నమ్మరు. ఇదీ ఆ బస్సు లాంటిదే అనుకుని కూర్చుండిపోతారు. గది పేలిపోతుంది. మిగిలినవాళ్ళందరూ బతికి బయటపడతారు.

"పాటలు రెండే. ఫైటు ఒక్కటే, అదీ చీకట్లో. డబ్బులు దండగ," అన్నాడు ధాన్యం వ్యాపారం చేసే జగన్మోహనరావు, సోడా గోలీ నొక్కుతూ. "పైగా ఆ ఆఫీసరు హీరో అంట. అబద్ధమాడిన నోటిని ఎవడు నమ్ముతాడండీ? ఆ గదిలో చావులన్నీ వాడి మెడకే."

"అదేం మాటండీ," అన్నాడు పక్కనున్న కాలేజీ లెక్చరరు. "ప్రాణం మీదకొచ్చినప్పుడు నమ్మితే పోయేదేముంది? దూకితే కాలు విరుగుతుంది. తప్పు వాళ్ళదే."

"ఆ అబద్ధం ఆడకపోతే అందరూ మొదటి పూటే పోయేవాళ్ళుగా," అన్నాడింకొకడు.

ఆడవాళ్ళ క్లాసులోంచి వచ్చిన రత్నకుమారి అనే టీచరమ్మ గొడుగు తెరుస్తూ, "తప్పెవరిదైతే ఏంటండీ, ఆ మనిషి ఇంటికెళ్ళి అన్నం ఎట్లా తింటాడో అది చూపించలేదు," అని ఎవరి జవాబూ వినకుండా వెళ్ళిపోయింది.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే కాలేషా ఇవన్నీ వింటూ నిలబడ్డాడు. ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ ప్రతి ఆట వదిలాక వెళ్ళి ఆ కోర్టులో ఒక మూల నిలబడేవాడు. ఆఫీసరుది తప్పు అన్నప్పుడల్లా తల దించుకునేవాడు. నమ్మనివాళ్ళది తప్పు అన్నప్పుడు కాస్త ఊపిరాడేది. మళ్ళీ ఆ ఊపిరి తీసుకున్నందుకు సిగ్గేసేది.

ఎందుకంటే కాలేషా మొదట్నుంచీ గేటు మనిషి కాడు. బందరు నుంచి నాగాయలంక దాకా అతన్ని మైకు బండి కాలేషా అనేవాళ్ళు. రిక్షాకి రెండు పక్కలా వాల్‌పోస్టర్ల తడికలు కట్టి, పైన లౌడ్‌స్పీకరు బిగించి, ఊరూరా తిరిగి కొత్త బొమ్మ సంగతి చెప్పేవాడు. చేలో కలుపు తీసే ఆడవాళ్ళు ఆ గొంతుకి నడుం ఎత్తి చూసేవాళ్ళు. పిల్లలు పాంప్లెట్ల కోసం రిక్షా వెంట పొలిమేర దాకా పరిగెత్తేవాళ్ళు.

ఒకసారి తుఫాను మీద తీసిన బొమ్మ వచ్చింది. కాలేషాకి ఓ పైత్యం పుట్టింది. సర్కారు వాళ్ళ గొంతు పెట్టి, "ప్రజలకు హెచ్చరిక. పెనుతుఫాను వస్తోంది. పిల్లాజెల్లాతో ఇళ్ళు వదిలి వెంటనే బయల్దేరండి," అని, జనం బెదిరిపోయాక, "మా హాలుకి బయల్దేరండి," అని ముగించేవాడు. సముద్రం పక్కన బొబ్బర్లపాలెంలోనైతే ఆడవాళ్ళు కోళ్ళని చంకనెత్తుకుని వీధిలోకి వచ్చేశారు. సంగతి తెలిశాక అతన్ని నోటికొచ్చినట్టు తిట్టి, తిట్టినంతసేపూ నవ్వి, సాయంత్రానికి పల్లె పల్లెంతా అవనిగడ్డ వచ్చి ఆట చూసింది. హాళ్ళ ఓనరు పూర్ణచంద్రరావు అతని భుజం తట్టి, నీ అంతవాడు జిల్లాలో లేడన్నాడు. కాలేషా పొంగిపోయాడు. పొంగిపోడా మరి, మనిషేగా.

నెల తిరక్కుండానే అసలు తుఫాను వచ్చింది. దానికి ముందు రోజు కాలేషా వేరే బొమ్మ చెప్పడానికి అదే దారిన వెళ్తుంటే, అవనిగడ్డలో శివరామయ్య మాస్టారు రిక్షా ఆపి, రేడియోలో విన్నది చెప్పారు. "ఎట్లాగూ సముద్రం వైపే వెళ్తున్నావుగా కాలేషా. నీ మైకులో ఆ మాట కూడా చెప్పు నాయనా. పెద్ద గాలంటున్నారు," అన్నారు.

కాలేషా చెప్పాడు. సన్నటి తుంపరలో, బొబ్బర్లపాలెం నడివీధిలో, ఏ వేషమూ లేకుండా చెప్పాడు. జనం పగలబడి నవ్వారు. ఈసారి ఏ బొమ్మ సాయిబూ అన్నారు. నిజమే, అల్లా మీద ఒట్టు అన్నాడు. ఒట్టు కూడా బొమ్మలోదేనా అని మరీ నవ్వారు. చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. ఆఖరికి తనకీ నవ్వొచ్చింది. నవ్వేసి, తడిసిన పాంప్లెట్లు నాలుగు గాల్లోకి విసిరి, రిక్షా వెనక్కి తిప్పించేశాడు.

ఆ మర్నాడు సాయంత్రం సముద్రం ఊళ్ళ మీదకి లేచి వచ్చింది. బొబ్బర్లపాలెంలో మిగిలినవాళ్ళకంటే పోయినవాళ్ళే ఎక్కువ.

కాలేషా మళ్ళీ మైకు పట్టలేదు. గొంతు పోయిందని ఓనరుకి చెప్పాడు. ఇంట్లో భార్య జైనాబ్‌కీ అదే చెప్పాడు. ఆమె మిరియాల కషాయం కాచి ఇస్తే మారుమాట్లాడకుండా తాగాడు. తను నవ్వేసి రిక్షా తిప్పిన సంగతి ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. గుడివాడ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఈ బొమ్మ గనక రాకపోతే అట్లాగే నిలబడి ఉండేవాడేమో.

బొమ్మ గుడివాడలో చల్లబడ్డాక పూర్ణచంద్రరావు దాన్ని దివిసీమకి తీసుకెళ్దామనుకున్నాడు. అవనిగడ్డలో గాలివానకి పడిపోయిన హాలు స్థలంలో టూరింగు డేరా లేపుతున్నాడు.

"గొంతు వచ్చిందిగా కాలేషా, మైకు పడతావా?" అని అడిగాడు.

"గేటుకైతే వస్తానండీ," అన్నాడు కాలేషా.

అంత గట్టిగా ఎందుకు వస్తానన్నాడో ఓనరుకి అర్థం కాలేదు. గుడివాడ వాళ్ళు ఎన్ని తీర్పులు చెప్పినా కాలేషాకి అవి చెల్లవు. వాళ్ళ ఇళ్ళల్లోకి సముద్రం రాలేదు. ఆ గదిలో వాళ్ళ తరఫున మాట్లాడగలిగినవాళ్ళు బొబ్బర్లపాలెంలోనే ఉన్నారు. వాళ్ళు ఆ ఆఫీసరుని ఏమంటారో వినాలి. తిడితే పడాలి. విన్నాక తన బతుకేమవుతుందో అతనికి తెలియదు గానీ, వినకుండా మాత్రం ఇక ఉండలేననుకున్నాడు.

డేరాలో మొదటి ఆటకి చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలాయి. బొబ్బర్లపాలెం వాళ్ళు కొత్తగా కట్టిచ్చిన కాలనీ ఇళ్ళల్లోంచి గుంపుగా నడిచి వచ్చారు. గుంపు అంటే, ఇదివరకటి గుంపు కాదు. ముసలివాళ్ళు తక్కువ, పిల్లలు ఇంకా తక్కువ. కాలేషా తలకి తువ్వాలు చుట్టుకుని, నోరు మెదపకుండా చేత్తోనే దారి చూపించాడు.

ఆట మొదట్లో ఈలలు పడ్డాయి. ముఠా నాయకుడిని బూతులు తిట్టారు. ఆఫీసరు బస్సు అబద్ధం ఆడినప్పుడు, "భలే బురిడీ కొట్టించాడ్రా," అని నేల మీద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కానీ వెనక గది వాళ్ళు కదలం అని కూర్చున్నప్పుడు డేరాలో చప్పుడు ఆగిపోయింది. ఆఫీసరు మైకులో పిలుస్తున్నాడు. గొంతు జీరపోయి మాట రాకపోయినా ఇంకా పిలుస్తున్నాడు. గది పేలింది. డేరాలో ఒక్కరు కూడా అరవలేదు.

ఆట వదిలాక కాలేషా చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. బాగుందని గానీ, బాగాలేదని గానీ, ఒక్క మాట లేదు. చెప్పులు వెతుక్కుని, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని చీకట్లో నడిచి వెళ్ళిపోతున్నారు. గేటు దగ్గర డేరా తాడు కాళ్ళకి అడ్డంగా ఉంటే, ఒకామె తూలి పడబోయింది.

"తాడుందమ్మా, చూసి దాటండి," అన్నాడు కాలేషా అప్రయత్నంగా.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. గుంపుతో కలిసి వెళ్ళిపోయింది.

పొద్దున్నే కాలేషా డేరా ముందు చిమ్ముతుంటే ఆమె ఎండుచేపల గంపతో వచ్చింది. గంప దించి, తలమీద చుట్టకుదురు తీసి, దాని మీదే కూర్చుంది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. చేతికి గాజులు లేవు.

"నా పేరు రావమ్మ. మాది బొబ్బర్లపాలెం," అంది. "నువ్వు మైకు బండి సాయిబువి గదా. రాత్రి గొంతు విని పోల్చుకున్నా."

కాలేషా చీపురు కింద పెట్టాడు. పారిపోదామా అన్నంత భయమేసింది. కానీ వచ్చిందే అందుకు. ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"బొమ్మ ఎట్లా ఉందమ్మా?" అని అడిగాడు. అదొక్కటే అడగడం వచ్చు అతనికి.

"ఆ ఆఫీసరు సంగతా నువ్వడిగేది?"

"అవునమ్మా. వాడిది తప్పంటావా?"

రావమ్మ కాసేపు గంపలో చేపలు సర్దింది. "అబద్ధం ఆడినందుకైతే కాదు. అందరం ఆడతాం. మళ్ళీ మళ్ళీ పిలిచాడుగా, గొంతు పోయేదాకా పిలిచాడు. అది చాల్దా?"

గుడివాడలో అన్నాళ్ళూ విన్న తీర్పుల్లో ఈ మాట ఎవరూ అనలేదు. తను గొంతు పోయేదాకా పిలవలేదు. ఏడాదిన్నరగా గొంతు పోయిందని అందరికీ చెప్తున్నాడు.

ఇక దాచలేకపోయాడు. అంతా చెప్పేశాడు. మాస్టారు రిక్షా ఆపడం, తను వీధిలో చెప్పడం, వాళ్ళు నవ్వడం, ఒట్టు పెట్టడం, ఆఖరికి తనూ నవ్వేసి వెనక్కి తిరగడం. "నేనింకోసారి పిలవాల్సింది తల్లీ. ప్రతి గడపకీ వెళ్ళి కాళ్ళు పట్టుకోవాల్సింది. నవ్వేసి వచ్చేశాను," అని ఏడ్చేశాడు.

రావమ్మ ఓదార్చలేదు. "తప్పే," అంది. "నీ తప్పు లేదని నేనంటే అబద్ధమవుద్ది. ఉంది." అని, కొంచెం ముందుకి వంగింది. "ఆ రోజు నేనూళ్ళో లేను సాయిబూ. మా చెల్లెలి పురుడని కృత్తివెన్ను ఎళ్ళాను. తిరిగొచ్చేసరికి ఊరే లేదు. ఇందాక నవ్వారన్నావే. ఎవరెవరు నవ్వారు?"

"అందరూనమ్మా."

"మా ఆయన నాంచారయ్య ఉన్నాడా అక్కడ? ఎడంచేతి బొటనవేలు ఉండదు."

కాలేషా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వీధి అతనికి రోజూ కనబడుతూనే ఉంది. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. "వల బాగుచేసుకుంటున్న ఆయనేనా? చెవిలో బీడీ పెట్టుకుని... ఆయన పక్కన పిల్లాడు వలలో దూరి బయటికి రాలేక గోల చేస్తున్నాడు."

"మా చిన్నోడే," అంది రావమ్మ. "పిల్ల? పిల్ల లేదా? రెండు జడలు."

"రెండు జడల పిల్ల రిక్షా వెంట వచ్చిందమ్మా. పాంప్లెట్టు తడిసిపోయింది, పొడిది ఇమ్మని అడిగింది. సీటు కింద నుంచి తీసి ఇచ్చాను."

రావమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ ఏడాదిన్నర నుంచీ కళ్ళు మూస్తే వాళ్ళు నాకు నీళ్ళల్లోనే కనబడతన్నారు," అంది. "వచ్చినోళ్ళందరూ బియ్యమిచ్చారు, బట్టలిచ్చారు, ఇల్లిచ్చారు. పొయ్యేముందు రోజు నా పిల్లలు ఎట్లా ఉన్నారో చెప్పినోళ్ళు లేరు. మా వీధిలో చెప్పడానికి ఎవరూ మిగల్లా. నువ్వొక్కడివే చూశావు."

ఎండ డేరా మీదకి ఎక్కుతోంది. ఆమె గంప దగ్గరికి కాకులు వస్తే కాలేషా అదిలించాడు.

"మా ఆయన నవ్వాడా? నిజంగానా?"

"నవ్వాడమ్మా. ఒట్టు కూడా బొమ్మలోదేనా అన్నది ఆయనే."

"అనే ఉంటాడు. ఆడి నోరు అట్టాంటిదే," అని రావమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని, చుట్టకుదురు మీద సర్దుకుని కూర్చుంది. "మొదట్నుంచీ చెప్పు సాయిబూ. నీ రిక్షా ఊళ్ళోకి వచ్చిన కాణ్ణించీ."

కాలేషా మొదలుపెట్టాడు. పొలిమేరలో తుంపర, దారి పక్క ఆరేసిన చేపలు ఆడవాళ్ళు ఎత్తుకుంటూ ఉండటం, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చున్నారో, ఎవరు ముందుగా పలకరించారో, ఒక్కటి కూడా వదలకుండా చెప్పుకొచ్చాడు. వలలో చిక్కిన పిల్లాడినీ, పక్కన నాంచారయ్య నవ్వునీ చెప్పేసరికి రావమ్మ చెయ్యెత్తింది.

"మా ఆయన నవ్విన కాడ కాసేపు ఆగు," అంది.

కాలేషా అక్కడ ఆగాడు.