గూడబాతు ముక్కు

సాల్మన్ మాస్టారిని సమాధి చేసిన రోజునే ఆయన చేసిన కారు ముక్కు అచ్చు పోయింది. పోయిన సంగతి మాత్రం ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

ఎండ మండిపోతోంది. పాలకొల్లు నుంచీ తుని నుంచీ చుట్టాలు దిగుతూనే ఉన్నారు. పాదిరిగారు ప్రార్థన మొదలుపెట్టేసరికి పందిరి కింద నిలబడడానికి చోటు లేదు. కాశీవిశ్వనాథరాజుగారు తన ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక వ్యాను నిండా ఐసు పంపించారు. ఆయన మాత్రం రాలేదు. వచ్చిన ఐసును పెరట్లో తొట్లలో పోసి, మంచినీళ్ళ ప్యాకెట్లు అందులో వేశారు. సాయంత్రం వ్యాను వాళ్ళు తొట్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వినీల ఇవేవీ చూడలేదు. భర్త గోళ్ళ అంచున సబ్బుకి పోని, ఫైబరు పనిలో వాడే రెసిను మరక ఉండిపోయింది. పెట్టె మూత వేసేదాకా ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

తను పాఠాలు చెప్పే బడి తెరిచాక ఒక ఆదివారం ఆమె పెరట్లో షెడ్డు తాళం తీసింది. లోపల కారు టార్పాలిన్ కింద ఉంది. షెడ్డు వెనక గోడవారగా బోర్లించి ఉండాల్సిన అచ్చు లేదు. అత్తగారిని అడిగింది.

"ఆ రోజు ఎవరు ఏం తీశారో, ఎక్కడ పెట్టారో నాకేం తెలుసమ్మా," అంది సువార్తమ్మ. "నా కొడుకే లేకుండా పోయాడు."

ఆ తర్వాత వినీల ఇంట్లో మళ్ళీ అడగలేదు.

ఆ కారు పేరు పెలికాన్. ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని స్పోర్ట్స్ కారు. మద్రాసులో ఒక చిన్న కంపెనీ కొన్నాళ్ళు తయారుచేసి మూతపడింది. ఒళ్ళంతా ఫైబరు. ముందుకి పొడుగ్గా సాగిన ముక్కు చూసి మన వైపు దాన్ని గూడబాతు కారు అన్నారు. ఆ ముక్కుకి నోరు సన్నం. రేడియేటరుకి గాలి చాలదు. ఎండాకాలం భీమవరం నుంచి బయల్దేరితే తణుకు చేరకముందే ఇంజను ఉడికిపోతుంది. సాల్మన్ మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. తన బండి ముక్కు కోసేశారు. ఆ చోట మట్టితో కొత్త ముక్కు దిద్దారు. నోరు వెడల్పు చేసి, కింది పెదవిని గూడబాతు సంచీలాగా కాస్త కిందికి జార్చారు. కాగితం మీద ఏమీ గీయలేదు, అంతా చేత్తోనే. మధ్యలో వినీలని పిలిచి, "కళ్ళు మూసుకుని తడిమి చెప్పు, రెండు బుగ్గలూ ఒక్కలా ఉన్నాయా?" అని అడిగేవారు. కుడి బుగ్గ కాస్త నిండుగా ఉందని ఆమె చెప్పింది. ఆయన నవ్వి, ఉండనీ అన్నారు. మట్టి మీద నుంచి ఫైబరు అచ్చు తీశాక ఆ మట్టిని కాలవలో కలిపేశారు. అచ్చులోంచి ముక్కు తియ్యకముందే ఆయన గుండె ఆగిపోయింది.

గోదావరి పాతకార్ల సంఘంలో అప్పటికే ఈ ముక్కు మీద యుద్ధం నడుస్తోంది. రాజుగారి దగ్గరా ఒక పెలికాన్ ఉంది, గీత పడనిది. ఆయన వాట్సాప్ గ్రూపులో సాల్మన్‌కి 'ముక్కుకోత మాస్టారు' అని పేరు పెట్టారు. మాస్టారు పోయిన రోజున అదే గ్రూపులో దండం పెట్టిన బొమ్మ పెట్టారు. పాత మాట దానికి కాస్త పైనే ఉండిపోయింది. వినీల రెండూ చూసింది.

దసరా సెలవుల్లో సంఘం సమావేశమైంది. రాజమండ్రిలో పాతకార్ల ప్రదర్శన ఉంది. మాస్టారి బండిని పాత ముక్కుతో పూర్తిచెయ్యాలా, ఆయన దిద్దిన కొత్త ముక్కుతోనా అన్నది తేలాలి. రాజుగారికి ఆ రోజు చెరువులో రొయ్యల పట్టుబడి. కదలడానికి లేదు. అందుకని అందరూ ఆయన చెరువు గట్టు మీద షెడ్డుకే వెళ్ళారు. వినీల సంఘం కార్యదర్శి హరిబాబుతో కలిసి వెళ్ళింది. హరిబాబుకి భీమవరంలో మెకానిక్ షెడ్డు ఉంది.

"రండి టీచర్ గారూ, కూర్చోండి. ఎండన పడి వచ్చారు," అన్నారు రాజుగారు. మర్యాదకి లోటు లేదు. ఆ జిల్లాల్లో తిట్టాలన్నా ముందు కుర్చీ వేస్తారు.

"పోయినాయన మీద నాకు కోపం లేదండి," అని మొదలుపెట్టారు. "కానీ పెలికాన్‌కి ముక్కే అందం. ఆ ముక్కు గీసినవాడు ఎన్నాళ్ళు కూర్చుని గీశాడో! మధ్యలో మనమెవరమండి దిద్దడానికి?"

"అందంగానే ఉంటుందండి, షెడ్డులో ఉన్నంతసేపూ," అన్నాడు హర్ష. తాతగారి పెలికాన్ నడుపుకునే రాజమండ్రి కుర్రాడు. "రోడ్డెక్కితే పొగలు. మీ బండి ప్రదర్శనకి దేని మీద వస్తుందో అందరికీ తెలుసండి. లారీ మీద."

"లారీ నాది, బండి నాది. నీకేంటి నొప్పి?"

"సాల్మన్ గారి బండి సాల్మన్ గారిదండి. మరి మీకేంటి నొప్పి?"

"నోరు జాగ్రత్త. మీ తాత నా ముందు నిలబడి మాట్లాడేవాడు కాదు."

"అవునండి. ఆయన బండి నడుపుకుంటూ వెళ్ళిపోయేవాడు."

హరిబాబు చేతులు అడ్డం పెట్టాడు. "ఆగండి బాబూ ఇద్దరూ! అసలు అచ్చే లేదు. కొత్త ముక్కు పెట్టాలన్నా దేంట్లోంచి తీస్తాం?"

"అదే నేను చెప్పేది. పాత ముక్కు అచ్చు నా దగ్గరుంది. నేనే దగ్గరుండి తీయించి పెట్టిస్తాను. బండి మళ్ళీ బండిలా ఉంటుంది, బోర్డు మీద మాస్టారి పేరూ ఉంటుంది."

"ఏమని ఉంటుందండీ?" వినీల అడిగింది. వచ్చాక ఆమె మాట్లాడింది అదే మొదలు.

"ఓనరు అని."

ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

ఆ ఇబ్బంది పోగొట్టడానికి కాబోలు, రాజుగారు పనివాళ్ళ వైపు తిరిగారు. "గంగయ్యా! ఆ తొట్టి ఇటు తే. టీచర్ గారికి కాసిని రొయ్యలు కట్టు." ఇద్దరు మనుషులు ఐసూ రొయ్యలూ ఉన్న తెల్ల తొట్టిని మోసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర దించారు. రాజుగారు దాని అంచు తట్టారు. "ఇది చూశావా హరిబాబూ? తొట్టి అంటే ఇదీ. పెదవి ఎలా సాగిందో చూడు! నీళ్ళు వాటంతట అవే జారిపోతాయి, రొయ్య నలగదు. ఇలాంటివి ఇంకో పది చేయించమన్నాను. ఎవడికీ ఆ వంపు కుదిరి చావడం లేదు."

వినీల వంగి చూసింది. రొయ్యల సందుల్లోంచి రెండు వైపులా రెండు గుండ్రటి పల్లాలు కనిపించాయి. హెడ్‌లైట్లంత పల్లాలు. ఆమె కొంగు పక్కకి తీసి, మోచేతిదాకా ఐసులో చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఎడమ పక్క తడిమింది, తర్వాత కుడి పక్క. కుడి పక్క గుంట కాస్త లోతుగా ఉంది.

"రాజుగారూ, ఇది తొట్టి కాదండి," అంది. "ఇది మా వారి అచ్చు. సమాధి రోజు మీ ఐసు వ్యాను మా ఇంటికి వచ్చింది."

హర్ష లేచి గంగయ్య సాయంతో రొయ్యల్ని టార్పాలిన్ మీద ఒంపి, దాన్ని బోర్లించాడు. వెనక గరుకు ఫైబరు మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు, పక్కన 'ముందు' అన్న మాట. మాస్టారి చేతిరాత, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా ఉంది. అడుగున చిల్లు పొడిచి ఉంది. పెదవి ఎడమ మూలని ఎవరో రంపంతో కోసేశారు, నీళ్ళు బాగా పోవడానికి.

"వాళ్ళ ఇంట్లో ఇందులోనే నీళ్ళ ప్యాకెట్లు ఉన్నాయండి," అన్నాడు గంగయ్య మెల్లిగా. "ఐసుంది కదా, మనదే అనుకుని ఎక్కించేశాం."

"ఇంకో పది చేయించమన్నారు కదండీ," అన్నాడు హర్ష. "ఎవరికీ కుదరని వంపు!"

"అంటే దొంగతనం చేయించానంటావా?"

"నేననలేదండి. మీ నోట్లోంచే వచ్చింది."

రాజుగారి మెడ ఎర్రబడింది. "మర్యాదకి ఐసు పంపాను. మా వాళ్ళు తొట్టి అనుకుని తెచ్చారు. ఎందుకనుకున్నారు? తొట్టిలా ఉంది కనక! మొదటినుంచీ నేను మొత్తుకుంటున్నది అదే. ఆయన కారుకి ముక్కు చెయ్యలేదు, తొట్టి చేశాడు."

హరిబాబు తల దించుకున్నాడు. హర్ష ఏదో అనబోతే వినీల చెయ్యెత్తి ఆపింది.

"తొట్టి అన్నది మీరేనండి," అంది. "బాగుందన్నదీ మీరే. రెండు మాటలూ నేను గుర్తుపెట్టుకుంటాను."

"సరే, పట్టుకెళ్ళండి. కానీ అది తగిలించిన బండి రాజమండ్రిలో నా బండి పక్కన నిలబడదు. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను."

"నిలబడదండి," అంది వినీల. "పాత ముక్కుతో మాత్రం అసలు రాదు."

గంగయ్య కట్టిన రొయ్యల సంచీని ఆమె కుర్చీలోనే వదిలేసింది. హరిబాబు వ్యానులో అచ్చును పడుకోబెట్టారు. దారి పొడుగునా దానికి అంటుకుని ఉన్న ఐసు కరిగి నీళ్ళు చిల్లు గుండా కారుతూనే ఉన్నాయి. ఇంటి దగ్గర దించాక సువార్తమ్మ చూసి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి నీచు వాసన పోయేదాకా కడిగింది.

రాజుగారు క్షమాపణ చెప్పలేదు. రాజమండ్రి ప్రదర్శన అయిపోయింది, ఆయన బండి లారీ మీద వెళ్ళి వచ్చింది. హర్ష రెండుసార్లు ఫోను చేసి, కోసిన మూల తను కడతానన్నాడు. ఆ వంపు ఎలా ఉండేదో తనకి చెప్పమన్నాడు. వినీల కళ్ళు మూసుకుని గాలిలో చేత్తో గీసి చూసుకుంది. బుగ్గలు గుర్తొచ్చాయి. పెదవి మూల గుర్తురాలేదు. దాన్ని తడిమి చూడమని ఆయన ఎప్పుడూ అడగలేదు.

అచ్చు షెడ్డులో కారు పక్కనే ఉంది. ఎడమ మూల ఎవరూ కట్టలేదు. దాంట్లోంచి ముక్కు ఇంకా తియ్యలేదు.