దొరగారి పరుపు

దొరగారు రోజుకు నాలుగు గంటలు బండి లాగి, మిగిలిన ఇరవై గంటలూ లాయం పాడుచేసేవారు.

దొరగారంటే మనిషి కాదు, గుర్రం. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్లమచ్చ, తన కింద తాను ఊడ్చుకోవలసిన అవసరం ఏనాడూ పడనివాళ్ళకుండే చూపు. కొన్ని గుర్రాలు ఒక మూల చూసుకుని పని కానిచ్చుకుంటాయట. ఈయనకు ఆ చాదస్తం లేదు. నడిమధ్య లద్దె వేసి, దాని చుట్టూ గిరగిరా తిరిగి, కాళ్ళతో తొక్కి, పైన తడిపి, అంతా ఏకం చేసి, ఆ పాకం మీదే హాయిగా పడుకునేవారు.

ఆ లాయం వదిన చేతికింద ఉండేది. ఆమె మొగుడు చెరువుగట్టు మీద షికారు బండి తోలేవాడు. బండ్ల అడ్డాలో ప్రతివాడూ అతనికి తనకుతానే తమ్ముడు కావడంతో, ఆమె ఊరందరికీ వదిన అయిపోయింది. తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అని పిలిచి కాఫీ తాగి వెళ్ళేవారు.

ఆ ఏడు వానలు వెలిశాక దొరగారి ఎడమ ముందుకాలి గిట్ట కుళ్ళింది. లాడాలు కొట్టే ఆయన వచ్చి, కాలు ఒళ్ళో పెట్టుకుని, గిట్ట అడుగున కొంచెం చెక్కి, ఆ ముక్క వాసన చూసి, ముక్కు చిట్లించాడు.

“నెల్రోజులు చూద్దాం. కాలికింద పొడిగా ఉంటే బాగుపడుద్ది. లేదంటే లాడం నిలవదమ్మా. లాడం లేకపోతే ఇంక బండేముంది?”

“నెలకి కూడా ఇట్లాగే ఉంటే పెద్దన్నయ్యకి ఇచ్చేస్తాను” అన్నాడు బండి ఆయన, భార్య మొహం చూడకుండా.

పెద్దన్నయ్య అంటే ఆయన పెదనాన్న కొడుకు. ఇటుకలు మోయించే వ్యాపారం. గిట్ట బాగులేని గుర్రమైనా నాలుగు నెలలు మొయ్యకపోతుందా అనే మనిషి. ఆయన దగ్గర ఏ గుర్రమూ ఇంతవరకు ముసలిది కాలేదు.

ఆ మాట విని వదిన కొంగు బిగించింది. దొరగారంటే ఆమెకు ప్రేమ అని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. తొమ్మిదేళ్ళు ఎవరి లద్దె ఎత్తామో వాళ్ళను ఇటుకలకు పంపలేం, అంతే.

ముందు వరిగడ్డి పరిచింది. దొరగారు పరుపును భోంచేశారు. తర్వాత ఊక పోసింది. అది మొదట కళ్ళల్లోకి, ఆ తర్వాత ఇంట్లోకి, ఆఖరుకు పప్పులోకి వచ్చింది. అచ్చాఫీసు వాళ్ళు కత్తిరించి పారేసే కాగితప్పీలికలు తెచ్చి వేస్తే, తడికి సిరా దిగి, దొరగారు తెల్లారేసరికి ఒక డొక్క మీద పెళ్ళిళ్ళ ప్రకటనలు, రెండో డొక్క మీద నూనెల ధరలు అంటించుకుని బయటికొచ్చారు. అడ్డాలో వారం రోజులు జనం గుర్రాన్ని చదివారు.

చివరికి సందు చివర వడ్రంగి దగ్గర, చిత్రిక పడితే రాలే చెక్కపొట్టు దొరికింది. తెల్లగా, చుట్టలు చుట్టలుగా, మెత్తగా. అన్నిటికంటే ముఖ్యం, ఊరికే.

వదినకు అనుమానం పుట్టుకతో వచ్చింది. చదువు దానికి పద్ధతి నేర్పింది. ఊరికే వచ్చేదాన్ని ఊరికే నమ్మకూడదని, ప్రతి బస్తానూ విప్పి, వాసన చూసి, జల్లెడ పట్టి, మేకులకోసం వెతికింది.

“ఎందుకిస్తున్నట్టు ఊరికే?” అనడిగింది.

“ఎత్తి పారబోయించుకోడానికి నేనే చేతిచమురు వదిలించుకుంటున్నా వదినా. మీరు తీసుకెళ్తే మీకు దండం పెడతా.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“ఇన్నాళ్ళూ మీరు అడగలేదుగా!”

ఆ జవాబు ఆమెకు మరీ నున్నగా అనిపించింది. అయినా బస్తాలు తెచ్చుకుంది.

పద్ధతి కూడా లాడాలాయనే చెప్పాడు. “మూరెడు మందంగా పొయ్యండి. పైన లద్దె తీసెయ్యండి, బాగా తడిసిన చోట గుప్పెడు గుప్పెడు ఎత్తెయ్యండి, కొత్త పొట్టు చల్లండి. అడుగు మాత్రం కదపొద్దు. కింద గట్టిగా అణిగితే తడంతా అదే తాగేసి పైన పొడిగా ఉంచుద్ది. ఇట్లా తొక్కి కలిపేసే గుర్రానికి అదొక్కటే మందు.”

వదిన మూరెడు పోసింది. గోడ మీద బొగ్గుతో గీత కూడా గీసింది. పొద్దున్నే లద్దె తీసి, పొట్టు గీత దాకా నింపి వచ్చేది. సాయంత్రం బండి తిరిగొచ్చే వేళకు వెళ్ళి చూస్తే, పొట్టు గీతకు జానెడు కిందికి దిగి ఉండేది. చెయ్యి పెడితే అడుగున చెమ్మ. గిట్ట అదే వాసన. ఎనిమిది రోజులు ఇదే తంతు.

గుర్రం బయట, గది ఖాళీ, పొట్టు మాయం. ఇందులో మూడోమనిషి ఉన్నాడు.

మొదటి అనుమానం దొరగారి మీదే. వరిగడ్డి తిన్న నోరు బండి కట్టేలోపు పొట్టు తినదా? రెండు రోజులు లద్దెను పుల్లతో విప్పి, జాతకం చూసినట్టు చూసింది. చెక్క జాడ లేదు. రెండో అనుమానం పక్క లాయం బాబాయిగారి మీద. ఆయనకొక తెల్ల ఆడగుర్రం. అది మూల చూసుకునే రకం. ఆయన ఆ మూలను వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

తొమ్మిదో రోజు ఆయన తోపుడుబండిలో పొట్టు కనిపించింది. వదిన ఆగలేదు.

“బాబాయిగారూ, ఈ పొట్టెక్కడిదండీ?”

“చెట్టుది” అన్నాడాయన.

“మా లాయంలో రోజూ జానెడు తగ్గుతోంది.”

ఆయన తోపుడుబండి దించి నడుమ్మీద చేతులు పెట్టుకున్నాడు. “వదినా, మీ దొరగారు వాడిన పొట్టు తెచ్చి మా పిల్లకి వేశాననుకో, అది వారం రోజులు అలిగి మేత ముట్టదు. కావాలంటే నువ్వే చూడు, ఇది ఎర్రది. మీది తెల్లది. చదువుకున్నదానివి, రంగులు తెలీవా?”

రంగులు తెలిసేసరికి మొహం కూడా ఎర్రది వేసుకుని వదిన ఇంటికి వచ్చింది. వరండాలో పడక్కుర్చీలో మామగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నలభై ఏళ్ళు ఇదే చెరువుగట్టు మీద బండి తోలిన మనిషి. రెండేళ్ళ కిందట నడుము పట్టేసి పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి తీసుకొచ్చిన రోజున కొడుకు ఒకే మాట చెప్పాడు: “నాన్నా, నువ్వు మళ్ళీ లాయంలో అడుగు పెట్టావంటే గుర్రాన్ని అమ్మి పారేస్తా.” అప్పటినుంచి ఆయన గుర్రం ఊసెత్తలేదు. వంకాయల ధర గురించి మాట్లాడేవారు.

“దొంగ దొరికాడా అమ్మాయ్?” అన్నారు కళ్ళు తెరవకుండానే.

వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. దొంగ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం, పడుకుంటున్నానని తలుపు దగ్గరగా వేసి, పెరటిదారిన వెళ్ళి లాయంలో బస్తాల వెనక కూర్చుంది. పొట్టు మెడలో దూరి దురద. తుమ్మొస్తే ముక్కు నొక్కుకుంది. పావుగంట తర్వాత చెప్పుల చప్పుడు. ఆ తర్వాత పార చప్పుడు. ఆ తర్వాత నీళ్ళు.

మామగారు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో అడుగుపొట్టంతా ఒక పక్కకు లాగి, నల్లబడ్డది తట్టలోకి ఎత్తి, పంపు తిప్పి గచ్చు కడుగుతున్నారు. నాలుగు చిమ్ములకొకసారి ఆగి పళ్ళు బిగబట్టి ఊపిరి తీసుకుంటున్నారు. కడగడం అయ్యాక మిగిలిన పొడిపొట్టును ఆ తడి మీదికే లాగడం మొదలుపెట్టారు.

“మామయ్యగారూ!”

పార ఆగింది. ఆయన తిరగలేదు, తిరగడానికి నడుము ఒప్పుకోలేదు. “ఎవరూ?” అన్నారు గోడతో.

“దొంగని పట్టుకుందామని వచ్చా.”

“దొరికాడా?”

“నడుం పట్టుకుని నిలబడ్డాడు.”

ఆయన మెల్లగా, ఒళ్ళంతా ఒకేసారి, ఇటు తిరిగారు. మొహంలో తప్పు చేసినవాడి బెదురు లేదు. కోపం ఉంది.

“నిజం చెప్పమ్మాయ్. నువ్వూ వాడూ కలిసి గుర్రాన్ని వదిలించుకుందామనే కదా?”

“నేనా?”

“కిటికీలోంచి రోజూ చూస్తన్నా. పైపైన తీసి, కింద కుళ్ళంతా అట్లాగే కప్పెడతన్నావు. గిట్ట పూర్తిగా పోతే ఆ ఇటుకలాడికి అప్పజెప్పడం తేలిక. నేను వెధవనా?”

తొమ్మిదేళ్ళుగా తాను ఊరందరినీ అనుమానిస్తుంటే, తనను అనుమానించేవాడు ఇంట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడన్న సంగతి వదినకు అప్పుడు తెలిసింది. కొంచెం గౌరవం కూడా కలిగింది.

లాడాలాయన చెప్పిన పద్ధతి చెప్పింది. ఆయన వినలేదు. “నలభై ఏళ్ళు రోజూ కడిగా. ఒక్క గిట్ట కుళ్ళలేదు.”

“అప్పుడు లాయం ఎక్కడుండేది?”

“గట్టు మీద. ఆరుబయట.”

“కడిగితే ఎంతసేపట్లో ఆరేది?”

“గంటలో. చచ్చే ఎండ.”

“ఇక్కడ?”

ఆయన పైకి చూశారు. ముందు మూడంతస్తుల మేడ, వెనక గోడ. ఎండ ఆ గదిలోకి ఎప్పుడు వచ్చిందో గదికే గుర్తులేదు. కుడికాలి చెప్పు విడిచి, నిన్న కడిగి పొట్టు కప్పిన మూలలో పాదం దూర్చారు. వంగలేనివాడు కాలితోనే చూడాలి. వేళ్ళతో అటూ ఇటూ కెలికారు.

“చల్లగా ఉంది” అన్నారు చివరికి. పాదం తీసి, తుడుచుకోకుండానే చెప్పు వేసుకున్నారు. “నేనేనా అయితే?”

వదిన అబద్ధం చెప్పగలదు గాని, అప్పుడు నోరు రాలేదు. “సగం మీరు, సగం దొరగారు” అంది.

“వాడికి చెబుతావా?”

చెబితే మాట ప్రకారం గుర్రం పోతుంది. చెప్పకపోతే ఈయన రేపు మళ్ళీ వస్తారు. గుర్రంతోబాటు నడుమూ పోతుంది. వదిన తట్ట ఎత్తి బయట పారబోసి వచ్చేదాకా ఆలోచించింది. వచ్చాక, బట్టలారేసే దండెపు వాసం ఊడదీసి, దాని కొసకు నాలుగు పళ్ళ పారను తాడుతో బిగించి కట్టింది. లాయం సగం తలుపు బయట ఒక ఎత్తు స్టూలు వేసింది.

“ఇక్కడ కూర్చుని పైన లద్దె మాత్రం లాగండి. అడుగు ముట్టుకోకూడదు. పంపు ముట్టుకోకూడదు.”

“నువ్వు నా మీద కాపలా ఉంటావేంటి?”

“ఉంటా.”

“నేనూ నీ మీద ఉంటా” అన్నారు మామగారు.

దొరగారిని పెరట్లో కట్టి, గచ్చును మూడు రోజులు ఆరబెట్టి మళ్ళీ మూరెడు పోశారు. అక్కణ్ణుంచి రోజూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ పనిచేశారు. వదిన పంపు పిడి తీసి కొంగున ముడేసుకుంది. మామగారు ప్రతి సాయంత్రం వాసం మొనతో పొట్టు పొడిచి, ఆ మొన ఆమె ముక్కు దగ్గర పెట్టేవారు. “చూడు. చెమ్మేనా, కాదా?” ఐదోరోజుకు కాదు.

బండి ఆయనకు అనుమానం రావడానికి మరో వారం పట్టింది. సవారీలు లేక ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చి, తలుపు బయట స్టూలు మీద తండ్రిని, తండ్రి చేతిలో రెండుబారల వాసాన్ని చూశాడు.

“ఏంటిది? లాయంలో అడుగు పెట్టొద్దన్నానా!”

“పెట్టలేదుగా” అంది వదిన. “పాదాలు చూడండి, రెండూ బయటే ఉన్నాయి. పనిముట్టు పొడుగ్గా ఉంటే ఆయనేం చేస్తారు?”

“నువ్వు నేర్పావా ఇది?”

“నేను వంట చేసుకుంటున్నా.”

బండి ఆయన ఆమెను చూశాడు, తండ్రిని చూశాడు. తండ్రి వంకాయల ధర అడిగారు.

నెల నిండిన రోజున లాడాలాయన వచ్చాడు. కాలెత్తి, చెక్కి, ముక్కను వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. బండి ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. “ఏం రావట్లేదే” అన్నాడు బండి ఆయన.

“ఇటియ్యి” అన్నారు స్టూలు మీంచి మామగారు. కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చారు. “కొంచెం ఉందిరా.”

“నాకేం తగల్లేదే పెద్దాయనా!” అన్నాడు లాడాలాయన.

“పొగాకు పీల్చి పీల్చి నీ ముక్కు ఎప్పుడో పోయింది. ఇంకో పది రోజులు చూడాలి. లాడం మాత్రం కొట్టు, నిలుస్తది.”

లాడం కొట్టారు. నిలిచింది. దొరగారు నాలుగడుగులు వేసి, కుంటకుండా తిరిగొచ్చారు.

బండి ఆయన వరండాలోకి వెళ్ళి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. “అన్నయ్యా, ఆదివారం రానక్కర్లేదు. లేదు, వచ్చే ఆదివారం కూడా వద్దు. ఇవ్వదల్చుకోలేదు... నాన్న ఉండగా కుదరదులే.” ఇంకా కాసేపు అవతలివాడు తిట్టినట్టున్నాడు, ఈయన ఊఁ ఊఁ అన్నాడు.

వదిన స్తంభం పక్కన నిలబడి ఆఖరిదాకా వింది. ఆయన ఫోన్ దించగానే చెయ్యి చాపింది.

“ఏంటి?”

“కాల్ నిజంగా కలిసిందా?”

బండి ఆయన ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. కలిసింది. ఒక నిమిషం పన్నెండు సెకన్లు.