గువ్వ చేతులు దాచుకుంది

మా గువ్వ నోట్లోకి ఒక్క చెంచా అన్నం వెళ్ళాలంటే ముగ్గురి అనుమతి కావాలి. ముందు కాళ్ళ సారు: వీపు నిటారుగా ఉందా, మోకాళ్ళు లోపలికి మడిచేసిందా చూసుకోవాలి. తర్వాత చేతుల మేడమ్: చెంచా నేను పట్టుకోకూడదు, దాని పిడికిట్లో పెట్టి పైన నా చెయ్యి ఊరికే ఆనించాలి. ఆఖరికి మాటల మేడమ్: అది 'అ' అనో 'మ' అనో నోటితో అడిగేదాకా చెంచా కదపకూడదు. ఈ ముగ్గురి మాటా నిలబెట్టేసరికి అన్నం చల్లారిపోతుంది, గువ్వ ఏడుపు అందుకుంటుంది. లోపలి గదిలోంచి అత్తయ్య, "పిల్లకి అన్నం పెడుతున్నావా, పరీక్ష పెడుతున్నావా?" అంటారు.

గువ్వకి రెండేళ్ళు దాటాయి. నడక రాలేదు, మాట రాలేదు. ఎదుగుదల ఆలస్యం అన్నారు. ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన కేంద్రంలో సీటు దొరకడానికి ఏడాది పట్టింది. చేర్చుకున్న రోజు పెద్ద డాక్టరమ్మ, "ఈ వయసులో చేయించిందే పిల్లకి మిగులుతుందమ్మా, తర్వాత ఎంత చేయించినా ఇంత ఫలితం ఉండదు" అంది. ధైర్యం చెప్పడానికే అనుంటుంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. అసలే నాది పిరికి గుండె. గువ్వ కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషిని. ఇక గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఒకటే లెక్క: ఈ గిన్నె తోమే కాసేపట్లో గువ్వకి ఏం రాకుండా పోతోందో.

అప్పటికి యూనిఫాం చొక్కాలు కుట్టే చోట కాలర్లు వేసేదాన్ని. ఎవరి కాలర్ వంకరపోయి వెనక్కొచ్చినా నాది తిరిగొచ్చేది కాదు. మానేస్తానంటే మా ఆయన ఒక్క మాట అడ్డం చెప్పలేదు. "ఇంట్లో ఎవరో ఒకళ్ళు ఉండాలిగా" అన్నారు. ఆ ఎవరో ఒకళ్ళు ఎవరో ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అత్తయ్యకైతే తప్పు పట్టడానికి ఆ కుట్టుమిషనే దొరికింది. "కడుపుతో ఉండగా అది తొక్కొద్దంటే విన్నావా? పిల్ల కాళ్ళకి పట్టుకుంది" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. ఆ మిషన్ తొక్కబట్టే వాళ్ళబ్బాయి బండి కొనుక్కున్నాడన్న సంగతి మాత్రం ఎవరి కాళ్ళకీ పట్టుకోలేదు.

కేంద్రంలో కాళ్ళకీ చేతులకీ మాటకీ సాధన చేయించే ఆ ముగ్గురివీ ఒకే వరండాలో పక్కపక్క గదులు. ఒక గదిలో తుమ్మితే పక్క గదిలో వినిపిస్తుంది. కానీ ఒకరి మాట ఒకరికి చేరాలంటే మాత్రం నేనే మోయాలి. పిల్ల చంకలో, సంచీ భుజాన, దాని కాళ్ళకి ఆసరాగా కట్టే పట్టీలు చేతిలో, వాళ్ళ మాటలు నెత్తిన. చేతుల మేడమ్ గదిలో నీళ్ళ గ్లాసు ఎదురుగా పెడితే గువ్వ చెయ్యి చాపి గ్లాసుని తాకడం నేర్చుకుంది. తాకిందంటే చప్పట్లు, గుక్కెడు నీళ్ళు. ఆ చప్పట్లకి నా గువ్వ ఒళ్ళంతా నవ్వేది. తలుపు దాటి పక్క గదిలోకి వెళ్ళాక మాటల మేడమ్ కూడా గ్లాసే పెట్టేది. ఇది సంబరంగా చెయ్యి చాపేది. ఆవిడ గ్లాసు వెనక్కి లాగేది. "చెయ్యి కాదు, నోటితో అడగాలి. నో." మళ్ళీ చాపేది, మళ్ళీ లాగేది.

రెండు చోట్లా చెప్పాను. "మేడమ్, అక్కడ చెయ్యి చాపమంటున్నారండీ" అంటే మాటల మేడమ్, "అది వాళ్ళ విభాగం. మీరే వాళ్ళతో ఒకసారి మాట్లాడుకోండి" అంది. చేతుల మేడమ్‌కి చెప్తే, "ఆవిడ పద్ధతిలో నేనెలా వేలు పెడతానమ్మా?" అంది. రెండు వైపులా దెబ్బలు తినే మద్దెలే వెళ్ళి రోలుతో మొరపెట్టుకున్నట్టుంది. ఇంటికొచ్చి ఆయనకి చెప్తే ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "వాళ్ళు అంతంత చదువుకున్నవాళ్ళు. మధ్యలో నీ తెలివి ఒకటి పెట్టకు" అన్నారు. నిజమే కదా, నేను చదివిందెంత అనుకుని నోరు మూసుకున్నాను. ఇంట్లో ఒక పూట చెయ్యి నేర్పాను, ఒక పూట నోరు నేర్పాను.

ఒకరోజు గువ్వ చెయ్యి చాపలేదు. గొంతులోంచి అప్పుడప్పుడూ వచ్చే ఆ 'మ' కూడా రాలేదు. గ్లాసు కనబడగానే రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది. దాహంతో పెదాలు తడుపుకుంటూ నా మొహం కేసి చూస్తూ కూర్చుంది. ఏ గదిలో పెట్టినా అంతే, ఇంట్లోనూ అంతే. ముందు నాకు ఫిట్సేమో అనిపించింది, తర్వాత చెవులు పోయాయేమో అనిపించింది. నాకు తెలిసిన జబ్బులన్నీ వరసగా దానికి అంటగట్టి ఏడ్చాను. ఏ జబ్బూ కాదు. ఏం చేస్తే తప్పో తెలియక, పిల్ల ఏదీ చేయడం మానేసింది. నేను నోరు మూసుకున్నట్టే.

కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. గువ్వ సీటు గురించి మాట్లాడాలి, తండ్రిని కూడా తీసుకురండి అని.

పెద్ద డాక్టరమ్మ గదిలో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళని ఒకచోట చూడటం నాకదే మొదటిసారి. మిగిలిన కుర్చీ ఆయనకి చూపించారు. నేను గువ్వని ఎత్తుకుని గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ ఆయనతోనే మొదలుపెట్టింది. "పాప వెనక్కి పోతోందండీ. వచ్చినవి కూడా మర్చిపోతోంది. ఇంట్లో సాధన సరిగ్గా జరగట్లేదనుకుంటున్నాం. తల్లిగారి గారాబం కొంచెం ఎక్కువేమో."

ఆయన నవ్వారు. పై ఆఫీసరు జోకేస్తే నవ్వే నవ్వు అది. "కరెక్టే మేడమ్. ఇంట్లో దానికి నోరు విప్పాల్సిన పనే ఉండదు. అడక్కముందే అన్నీ అమర్చిపెడుతుంది ఈవిడ."

"బయట చాలామంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. అందుకని ఆరు నెలలు ఈ సీటు వేరే పాపకిచ్చి…"

గువ్వని ఇంకా గట్టిగా హత్తుకున్నాను. గువ్వకి తెలిసిపోయిందో ఏమో, మెలికలు తిరుగుతూ ఏడుపు లంకించుకుంది. అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. "అమ్మా, మేం మాట్లాడుకుంటాం. మీరు పాపని కాసేపు బయట తిప్పండి" అంది డాక్టరమ్మ.

తలుపు దాకా వెళ్ళాను. నా పిల్ల సంగతి తేలుస్తుంటే నేను వరండాలో ఉండాలట. పిల్ల ఏనాడు ఎలా నీళ్ళు అడిగిందో తెలియని మనిషి కుర్చీలో ఉండాలట. వెనక్కి తిరిగొచ్చి గువ్వని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను.

"మీరు తిప్పండి."

"నేనా? నాకు ఆగదే!" ఆయన మొహం మాడిపోయింది. "అందరి ముందూ ఏంటిది?"

"నా దగ్గరా ఆగట్లేదుగా. తిప్పండి."

ఆయన గువ్వని పగిలే సామానులా పట్టుకుని బయటికి నడిచారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నోరెత్తితే సీటు పోతుందన్న భయం ఉంది, ఎత్తకపోయినా పోతోంది.

"మేడమ్, ఈ మేడమ్ గదిలో చెయ్యి చాపితే నీళ్ళిచ్చారు. ఆ మేడమ్ గదిలో చెయ్యి చాపితే నీళ్ళు లాగేశారు. అందుకే పాప చేతులు దాచుకుంది. ఇద్దరికీ చెప్పాను."

మాటల మేడమ్ ఇప్పుడే మొదటిసారి విన్నట్టు పక్కకి తిరిగింది. "మీరు చెయ్యి నేర్పిస్తున్నారా?"

"మీరు గ్లాసు లాగేస్తున్నారా?" అంది చేతుల మేడమ్.

కాళ్ళ సారు నేల చూపులు చూశాడు. డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "చూడమ్మా, అందర్నీ కలుపుకుని చూసే మనిషి ఇక్కడ ఉండాలి నిజమే. ఆ పోస్టులో ఎవరూ లేరు. మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీరే కాస్త సమన్వయం…"

"ఇన్నాళ్ళూ చేసింది అదేనండీ. ఇక చేయను. పాపకి ఏం చేయించమన్నా వెయ్యిసార్లు చేయిస్తాను. కానీ మీ మాటలు మీరే కలుపుకోండి, నా ముందే. సీటు తీసేస్తే తీసేయండి. కానీ పాపకి రాలేదని రాయొద్దు. మీకు మీకు కుదరలేదని రాయండి."

బయట గువ్వ గుక్కపెట్టి ఏడుస్తోంది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. నా ఒళ్ళంతా తలుపు వైపే లాగుతోంది.

"పాప ఏడుస్తోందమ్మా, వెళ్ళి చూడండి" అంది మాటల మేడమ్ మెల్లగా.

"వాళ్ళ నాన్న ఉన్నారు" అన్నాను. కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాను. "చెప్పండి మేడమ్. చెయ్యా, నోరా?"