రెండో అతుకు

లారీ బ్యాటరీ వైరు ఊడదీసి, దాని కొసకు గుడ్డపేలిక చుట్టి పక్కకు వంచింది ఎస్తర్. వెల్డింగ్‌కు ముందు చేయాల్సిన మొదటి పని అది. మూడేళ్లుగా ఆ మాట పొద్దున్నే మంచం మీద నుంచి వినబడేది. ఈ రోజు వినబడలేదు. అయినా అలవాటు కొద్దీ అటు తిరిగి, "తీసిన," అని చెప్పింది.

షెడ్డు మూలన నులక మంచం మీద జోసెఫ్ కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయి మూడేళ్లయింది. నాలుగు రోజులుగా గంజి కూడా దిగడం లేదు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు నిజామాబాద్‌లో డాక్టరు. ఇంట్లో కాదు, షెడ్డులోనే పడుకోబెట్టమన్నాడు జోసెఫ్. నిన్నటి నుంచి నోట మాట కూడా పోయింది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే కదులుతోంది.

షెడ్డు ముందు ఇసుకరంగు లారీ నిలబడి ఉంది. దాని వెనక సామాను పెట్టే తొట్టి ఉండాల్సిన చోట ఒక గది ఉంది. అందులో మంచం, పొయ్యి, పుస్తకాల అర, కిటికీకి పూల పరదా. విలెమ్ అనే అరవై అయిదేళ్ల హాలెండు మనిషి సొంతూళ్లో ఇల్లు అమ్మేసి ఆరేళ్లుగా దానిలోనే దేశాలు తిరుగుతున్నాడు. రుద్రూర్ దాటాక గుంటలో పడి, లారీ బరువంతా మోసే చాసీ ఎడమ పక్కన పగిలింది. చెరుకు ట్రాక్టరువాళ్లు దాన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చారు. ఈ దేశంలో బండి ఉండటానికి ఇచ్చిన గడువు ఇంకా అయిదు రోజులే. ఆలోగా నేపాల్ సరిహద్దు దాటకపోతే బండిని పట్టేసుకుంటారని అతడి భయం. అంటే ఇల్లు పోయినట్టే. నోట మాట ఉన్న రోజుల్లో జోసెఫ్ అతడికి భరోసా ఇచ్చాడు, పంపిస్తానని. గదిని జాకీల మీద లేపి, తుప్పు గీకి, పగులు కొస ఎక్కడో కనిపెట్టడానికే పది రోజులు పట్టింది. ఇక మిగిలింది అతుకు.

ఎదురుగా చాయ్ డబ్బా నడిపే ఈరవ్వ గ్లాసు పట్టుకొచ్చింది. మంచం వైపు చూసి గొంతు తగ్గించింది.

"గాయన పక్కన జర కూసోవే ఎస్తరూ. గీ పని యాడికి పోతది?"

"పని బందైతే సప్పుడు బందైతదవ్వా. సప్పుడు లేకుంటే ఈయన గాబరైతడు."

ఈరవ్వకు అది అర్థం కాలేదు. ఎస్తర్‌కు మాత్రం పక్కా నమ్మకం. గ్రైండరు మోగినంతసేపు అతడు దేన్నో పట్టుకుని ఉంటాడు. అది ఆగితే వదిలేస్తాడు.

జోసెఫ్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. ఆమె చెరుకు కొట్టే కూలీ. గేటు ముందు చెరుకు బండ్ల వరుసలో ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ ఎండాకాలమే చర్చిలో పెళ్లయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక అతడు ఈ షెడ్డు వేశాడు. చేయి పడిపోయినప్పుడు అమ్మేద్దామంది ఆమె. "నా నోరున్నది, నీ చేతులున్నయి. ఇంకేం గావాలె?" అన్నాడు. మొదటిరోజు నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా నిప్పును చూసి, రెండు రోజులు కళ్ల మీద పాలలో తడిపిన గుడ్డ వేసుకుని పడుకుంది. తరువాత చేయి కుదిరింది. అయినా వచ్చినవాళ్లు మంచం దగ్గరికే వెళ్లేవారు. "ఉస్తాద్, ట్రాలీ కొక్కెం ఇరిగింది," అని అతడికే చెప్పుకునేవారు. పక్కన నిలబడి ఉన్న ఆమెను పలకరించేవారు కాదు. సుత్తిని ఎవరు పలకరిస్తారు? ఆమెకూ అదేమీ తప్పుగా తోచేది కాదు.

లారీ కిందికి దూరింది. పగులు కొసన చిన్న రంధ్రం తొలిచింది, ఇక ముందుకు పాకకుండా. పగులు పొడవునా గాడి తీసింది. వెల్డింగ్ రాడ్డు అంటించి, కింది నుంచి పైకి మెల్లగా లాగింది. మెడ మీద పడిన నిప్పురవ్వలను దులుపుకోలేదు. విలెమ్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని దీపం పట్టుకున్నాడు.

అతుకు చల్లారాక జోసెఫ్ ఏనాడూ దాన్ని చూసేవాడు కాదు, వినేవాడు. సుత్తితో కొట్టమనేవాడు. లోపల బోలు ఉంటే ఇనుము మొద్దుగా పలుకుతుంది. నిండుగా ఉంటే ఖంగుమంటుంది. బాగుంటే వేలెత్తేవాడు.

ఎస్తర్ సుత్తితో కొట్టింది. ఖంగుమంది. చక్రాల సందులోంచి మంచం వైపు చూసింది. వేలు లేవలేదు.

మళ్లీ కొట్టింది, ఈసారి గట్టిగా. వేలు లేవలేదు.

"అచ్ఛా హై, దీదీ?" అన్నాడు విలెమ్ వచ్చీరాని హిందీలో.

"నహీ," అంది ఆమె. తన చెవికి బాగానే వినబడింది. కానీ తన చెవి ఎంత? మంచుకొండల దారిలో, ఏ లోయ పక్కనో ఇది ఊడితే ఈ ముసలాయన గతేమిటి? గ్రైండరు అందుకుని, గంటన్నర కష్టపడి పోసిన ఇనుమంతా గీకేసింది. కొత్త రాడ్లను పొయ్యి మీద పెట్టి, చెమ్మ లేకుండా కాచింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మధ్యాహ్నపు ఎండకు రేకులు కాలి షెడ్డంతా బట్టీలా ఉంది. మోచేతులను ఇరుసుకు ఆనించి, ఊపిరి బిగపట్టి అంగుళం అంగుళం లాగింది.

రెండోసారి కొట్టింది. ఇనుము అంతకు ముందులాగే ఖంగుమంది.

వేలు లేవలేదు.

ఆమె కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చి మంచం దగ్గర నిలబడింది.

"ఏడ తప్పింది? సెప్పు! నాతోని గాదని ఆనాడే సెప్పిన, ఇన్నవా? ఇప్పుడు సెప్పకుంటే నేనేం జెయ్యాలె?"

కోపంగా ఆ వేలు పట్టుకుంది. కట్టెలా ఉంది. వంచబోతే వంగలేదు.

అప్పుడర్థమైంది. ఇప్పుడు పోయిన మనిషి కాదు. మొదటిసారి సుత్తి కొట్టేసరికే లేడు. మొదటి అతుకు మంచిదే. దాన్ని తన చేతులతోనే గీకేసింది. ఆ గీకుతున్నంతసేపూ అతడు ఒంటరిగా పడి ఉన్నాడు.

ఈరవ్వ ఏడుపు విని నలుగురూ చేరారు. విలెమ్ టోపీ తీసి నేల మీదే కూర్చుండిపోయాడు. చర్చివాళ్లు వచ్చేసరికి ఎస్తర్ మంచం దగ్గర లేదు. మళ్లీ లారీ కింద ఉంది.

"దీదీ, బస్, బస్," అని విలెమ్ ఆమె చేతిలోని పానా లాక్కోబోయాడు.

"ఎనిమిది బోల్టులున్నయి సాబ్," అంది. "అతుకు మీద ఇనుప పట్టీ బిగియ్యకుంటే అది నిలవది."

ఎనిమిదీ తానే బిగించింది. తరువాత బయటికొచ్చి, చేతులు కడుక్కుని, జోసెఫ్ ముఖం తుడిచింది.

మర్నాడు పొద్దున్నే సమాధి చేశారు. విలెమ్ ఉతికిన చొక్కా వేసుకుని అందరికంటే వెనక నిలబడ్డాడు. ఇంకో రెండు రోజులు ఉంటానన్నాడు. "దిన్ నహీ హై సాబ్. జావ్," అంది ఆమె, గడువు గుర్తుచేస్తూ. అతడు ఆమె రెండు చేతులూ పట్టుకుని, తన భాషలో ఏదో చెప్పి బండెక్కాడు. లారీ నిజామాబాద్ వైపు తిరిగింది. గుంటలు వచ్చిన ప్రతిచోటా ఆమె ఊపిరి ఆపుకుంది. శబ్దం సన్నగిల్లి, చివరికి పూర్తిగా పోయింది. ఆ అతుకు నేపాల్ చేరుతుందో లేదో అడగడానికి ఎవరూ లేరు.

సాయంత్రం చందూర్ నుంచి ఒక రైతు విరిగిన ట్రాలీతో వచ్చాడు. ఖాళీ మంచం చూసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఉస్తాద్ పోయిండా? అయ్యో." ట్రాక్టరు వైపు తిరిగాడు. "సరే తియ్, ఇంకోతాన సూపించుకుంట."

"నేను జేస్త," అంది ఎస్తర్.

అప్పటికే ట్రాక్టరు మోగుతోంది. అతడు వినలేదు. ఆమె మళ్లీ అనలేదు.

ట్రాక్టరు రేపిన దుమ్ము అణిగాక, ఇసుకరంగు లారీ ఇన్నాళ్లు నిలబడిన చోట, బండి ఎక్కడానికి విలెమ్ వేసుకున్న చెక్కమెట్టు ఒక్కటే నేల మీద ఉంది.