వాల్టర్ గురి

లక్ష్మీకాంతం వేటకి బయల్దేరాడంటే వాళ్ళ ఊరు షాంటిలీలో తెలిసినవాళ్ళంతా ముసిముసిగా నవ్వుతారు. ఇండియన్ స్టోర్‌లో ముక్కలు కొట్టిన చికెన్ దొరుకుతుంటే, పొద్దున్నే అంతదూరం డ్రైవ్ చేసి, కొండలెక్కి, ముళ్ళు గీరుకుని, ఉత్త చేతులతో తిరిగొచ్చే మనిషిని చూసి నవ్వక ఏం చేస్తారు?

ఆ పిచ్చి అంటించింది వాల్టర్. ఒకప్పుడు ఆఫీసులో పక్క సీటు. రిటైరై ఆ కొండల కిందే ఇల్లు కట్టుకున్నాడు. గ్రౌస్ అనే అడవికోళ్ళు దాక్కునే పొదల చోటొకటి చూపించి, మూడో మనిషికి చెప్పనని మాట తీసుకున్నాడు. ఆయనకో ఆనవాయితీ ఉంది. సీజన్లో పడిన మొదటి కోడిని ఇద్దరూ కలిసి తినాలి. లక్ష్మీకాంతం భార్య వసంతలక్ష్మి వండిన కూర రుచి మరిగాక, ఆ ఆనవాయితీ ఆయనకి ప్రాణమైపోయింది.

కానీ కోళ్ళేవి? లేత చెట్లు ముదిరి నీడ కమ్మేసింది. కింద పొదలు చచ్చిపోయాయి. అడుగుకొకటి లేచిన చోట నిరుడు రెక్క చప్పుడే లేదు. మోకాళ్ళు పట్టేసి ఇంటిపట్టునే ఉన్న వాల్టర్, ఈసారైనా కూర తింటానా అని ఫోన్లో అడిగాడు. అది లక్ష్మీకాంతం మనసులో ముల్లులా దిగింది.

ఆయన గురి మీద మాత్రం లక్ష్మీకాంతానికి చిన్నచూపే. వేట మానే ముందు వాల్టర్ కాల్చినవన్నీ గాల్లోకే పోయాయి. అడిగితే ఎండ కళ్ళల్లో పడిందనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట అని లక్ష్మీకాంతం లోలోపల నవ్వుకునేవాడు.

బయల్దేరేటప్పుడు వసంతలక్ష్మి కార్‌లో వేడి నిలిచే డబ్బా ఒకటి పెట్టింది.

"కోడి పడితే తెండి, వండుతాను. పడకపోతే ఈ చికెన్ కర్రీ ఇచ్చి రండి. పాపం, పెద్దాయన ఆశపడుతున్నారు."

అడవిలో మబ్బు దట్టంగా పట్టి ఉంది. బూందీ ముందు నడిచింది. ఒళ్ళంతా చుక్కలని కుక్కకి ఆ పేరు. ఎంత తిరిగినా ఏమీ లేదు. చివరికి వాగు పక్కన, మిగిలిన ఒకే ఒక్క పొద దగ్గర బూందీ పిట్ట వాసన పట్టి, ముందుకాలెత్తి బిగుసుకుపోయింది. టపటపా రెక్కలు కొట్టుకుంటూ గ్రౌస్ లేచింది. తోక విసనకర్రలా విప్పుకుని ఎదురుగానే పోతోంది. కళ్ళు మూసుకుని కాల్చినా పడేదే. తుపాకి భుజానికొచ్చింది. వాల్టర్ కంచం కళ్ళ ముందు మెదిలింది. దీన్ని కాలిస్తే ఇంకోటుందా అనిపించింది. వేలు కదల్లేదు. పిట్ట కొండ దాటిపోయింది. బూందీ తిరిగి చూసిన చూపుకి లక్ష్మీకాంతం సిగ్గుపడ్డాడు. అయినా ఆ పిట్ట ఇంకా ఉందన్న సంతోషం గుండె నిండా పొంగింది.

వాల్టర్ గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. ఏమైనా లేచిందా అని అడిగాడు.

"ఒక్కటి లేచింది. తప్పిపోయింది."

"ఎలా?"

లక్ష్మీకాంతం, "ఎండ కళ్ళల్లో పడింది" అనేశాడు.

వాల్టర్ తలెత్తి, పొద్దున్నుంచీ కదలని మబ్బుని తీరిగ్గా చూశాడు. చెయ్యి చాచి లక్ష్మీకాంతం చేతిలోని డబ్బా అందుకున్నాడు.

"నాకూ అలాగే పడేది" అన్నాడు. "రా, కూర చల్లారిపోతుంది."