మట్టి మావయ్య పాదాల పరీక్ష

కుండలు చేసే ఆ షెడ్డులో మట్టి తొక్కే పని మట్టి మావయ్యది. ఆయన అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నానిన మట్టిని నేల మీద గుండ్రంగా పరిచి, అంచు నుంచి నడిమికి ఉత్త కాళ్ళతో తొక్కుకుంటూ పోయేవాడు. మట్టిలో రాయి ఉండిపోతే బట్టీలో కుండ పగులుతుంది. ఆ రాయిని పాదంతో పట్టడమే ఆయన విద్య. తొక్కుతూ తొక్కుతూ ఠక్కున ఆగి, బొటనవేలితో గెలికి, ఆవగింజంత పలుకును పైకి తీసి గోడకేసి కొట్టేవాడు. ఒకసారి మట్టిలో వెంట్రుక తగిలితే, అది బట్టీ కాల్చే బామ్మర్దిదేననీ, అప్పటికే సగం నెరిసిందనీ కాలితోనే తేల్చి చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే.

అలాంటి మనిషికి షుగరొచ్చింది. మాత్రలు వేసుకున్నాడు, తీపి మానేశాడు, అంతవరకు బుద్ధిమంతుడే. కానీ పాదాలు చూపించుకోవడానికి రమ్మని క్లినిక్ వాళ్ళు ఎన్నిసార్లు కబురు పెట్టినా కదల్లేదు.

"చూపించుకోడానికి ఇవేమన్నా పెళ్ళికూతురి కాళ్ళా?" అనేవాడు.

ఈలోగా బట్టీలో కుండలు పగలడం మొదలైంది. ఒకటి పోయి రెండు, రెండు పోయి వరసకు వరస.

"నీ మంట దొంగ మంటరా బామ్మర్దీ. ఓ పక్క నిద్రపోతుంది, ఓ పక్క పూనకం వస్తుంది" అని మావయ్య అందరి ముందూ తీర్పు చెప్పేశాడు.

బామ్మర్దికి ఒళ్ళు మండింది. "మట్టిని జల్లెడ గుడ్డలో వడకడదామని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా కదా బావా?"

"నా కాళ్ళుండగా గుడ్డెందుకురా?"

"అంత గొప్ప కాళ్ళయితే క్లినిక్‌లో పరీక్ష పెడుతున్నారట, పాసై రా చూద్దాం!"

పరీక్ష అన్న మాట వినగానే మావయ్య మీసం లేచింది. చదువుకునే రోజుల్లో ఎటూ పాసవలేదు, కాళ్ళతోనైనా ఫస్టున పాసవుదామనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

క్లినిక్‌లో పాదాలు చూసే గది చిన్నది. ఎత్తు కుర్చీ, దీపం, ఒక స్టూలు. నర్సమ్మ సన్నటి నైలాన్ దారం బిగించిన పుల్ల చూపించింది.

"కళ్ళు మూసుకోండి బాబాయ్ గారూ. ఇది పాదానికి తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి."

"ఇంతేనా? నేను మట్టిలో వెంట్రుకనే..."

"ఆ కథ తర్వాత చెబుదురు గానీ, ముందు కళ్ళు మూయండి" అంది భార్య.

మూశాడు. ఏమీ తగల్లేదు. సరిగ్గా అప్పుడే చెవికి ఒక ఆధారం దొరికింది. నర్సమ్మ ముందుకు వంగినప్పుడల్లా ఆమె స్టూలు కిర్రుమంటోంది. ఇంకేం! కిర్రుమంటే "ఆఁ". మళ్ళీ కిర్రు, మళ్ళీ "ఆఁ". మావయ్య ముఖం వెలిగిపోయింది. మరోసారి స్టూలు గట్టిగా కిర్రుమంది.

"ఆఁ! ఇదిగో, సరిగ్గా మడమ మీద!"

భార్య ఆయన భుజం తట్టింది.

"ఏవండీ, ఆ అమ్మాయి దూది తెచ్చుకోడానికి లేచి బీరువా దగ్గరకెళ్ళిందండీ" అంది భార్య.

నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ వచ్చి, స్టూలును పక్కకు నెట్టి, నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. "మళ్ళీ మూయండి."

మావయ్య ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి విసుగొచ్చి అడిగాడు. "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?"

"అయిపోయింది బాబాయ్ గారూ."

ఆ తర్వాత ఆమె పాదాన్ని దీపం కిందకు తిప్పింది. బొటనవేలి మొదట్లో, గట్టిపడ్డ చర్మం మధ్య నల్లటి చిన్న కన్నం. పట్టకారుతో మెల్లగా లాగితే కందిబద్దంత పెంకుముక్క బయటికొచ్చి ట్రేలో టింగుమంది. చుట్టూ చీము.

"ఇదెప్పుడు గుచ్చుకుంది?"

"ఏదమ్మా?" అన్నాడు మావయ్య.

డాక్టరు వచ్చి చూసి, మందులు రాసి, దాపరికం లేకుండా చెప్పాడు. "ఎముక దాకా పోలేదు, అదృష్టం. ఇంకొన్నాళ్ళు ఇలాగే మట్టిలో తిరిగుంటే వేలు తీసేయాల్సొచ్చేది. పాదం దక్కేదో లేదో కూడా చెప్పలేను."

మావయ్య ట్రేలోని ముక్కనే చూస్తున్నాడు. "కాళ్ళకు పోయిన తెలివి మళ్ళీ వస్తుందా?" అని నర్సమ్మను నెమ్మదిగా అడిగాడు.

"స్పర్శ తిరిగి రావడం కష్టం. కానీ పాదాన్ని నిలబెట్టుకోవచ్చు. ఉత్త కాళ్ళతో నడవొద్దు. రోజూ అడుగున, వేళ్ళ సందుల్లో ఎవరో ఒకరు చూడాలి. చెప్పిన రోజుకల్లా ఇక్కడికి రావాలి. నొప్పి చెప్పనిది కన్ను చూడాలి, అంతే."

తిరిగొచ్చాక షెడ్డు గుమ్మంలో బామ్మర్ది నిలబడి ఉన్నాడు. "ఏం బావా, ఫస్టేనా?"

"ఫెయిలు. నీ మంటలో దోషం లేదురా, నా కాళ్ళే రాళ్ళు వదిలేస్తున్నాయి. ఆ జల్లెడ గుడ్డ ఎక్కడుందో పట్రా" అన్నాడు మావయ్య.

బామ్మర్ది వేళాకోళానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసి గుడ్డ తెచ్చాడు. పుండు మానే దాకా మావయ్య కాలు బల్ల మీద చాపుకుని, వడకట్టిన మట్టిని చేతులతో పిసికాడు. ఆ తర్వాత కాల్చిన బట్టీ తెరిస్తే ఒక్క కుండా పగల్లేదు, తడితే అన్నీ గంటల్లా మోగాయి. మావయ్య ఒక్కొక్కటే తట్టి చూసి, "నా బామ్మర్ది మంటంటే ఏమనుకున్నార్రా!" అని ఊగిపోయాడు.

ఇంట్లో మాత్రం రాజ్యం భార్యది. రోజూ స్నానమయ్యాక కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆయన పాదం తన ఒళ్ళో పెట్టుకుని, తడి ఒత్తి, ఒక్కో వేలి సందూ విడదీసి చూసేది.

"పెళ్ళిచూపుల్లో నా మొహాన్ని ఇంత శ్రద్ధగా చూశావటే?"

"అప్పుడే చూసుంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కదలకండి."

కొత్త బూట్లు వేసుకోవడం మొదలెట్టిన కొద్ది రోజులకు ఆమె చెయ్యి చిటికెనవేలి పక్కన ఆగిపోయింది.

"ఇక్కడ ఎర్రబడింది."

"ఎరుపెక్కడే? నీ కళ్ళకు అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. పరీక్ష వచ్చే వారమే కదా, అప్పుడు చూద్దాం."

"లేవండి. ఇప్పుడే."

నర్సమ్మ దీపం కింద చూసి, బూటులో వేలు పెట్టి తడిమింది. లోపలి కుట్టు గరుకుగా లేచి ఉంది. "ఇంకో రెండ్రోజులు ఆగితే బొబ్బ, ఆ పైన పుండు. మంచి వేళకు వచ్చారు. ఈ బూటు వద్దు, మెత్తటిది ఇప్పిస్తాను. ఈ ఎరుపును పట్టిందెవరు?"

"ఇంకెవరు, మా ఆవిడే!" అన్నాడు మావయ్య గది అదిరేలా.

వచ్చారు కదా అని నర్సమ్మ దారం పరీక్ష కూడా చేసేసింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. దారం పాదమంతా తిరిగింది. గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఆయన ఏ శబ్దంతోనూ నింపలేదు.

"అమ్మా, నువ్వు తాకుతున్నావేమో గానీ నాకేం తెలియట్లేదు" అన్నాడు, తరగతిలో ఒప్పజెప్పేవాడిలా నిటారుగా కూర్చుని.

"ఇలా ఉన్నదున్నట్టు చెబితే చాలు బాబాయ్ గారూ. పాత పుండు కూడా చక్కగా మానింది" అంది నర్సమ్మ.

బయట బెంచీ మీద ఒక పెద్దాయన పాదాలు బెంచీ కిందకు ముడుచుకుని బెదురుగా కూర్చున్నాడు. మావయ్య ఆయన పక్కన చతికిలబడ్డాడు.

"మొదటిసారా? భయపడకండి, నొప్పుండదు. ఇంట్లో రోజూ పాదాలు చూసేవాళ్ళున్నారా? మా ఆవిడ కళ్ళున్నాయి చూశారూ, మొన్న వీధి చివర పోతున్న చీమను చూసి, అది కుంటుతోందని గుమ్మంలో నుంచే చెప్పింది."

"ఏ కాలు కుంటుతోందో కూడా చెప్పాను. నడవండిక" అంది భార్య.

మావయ్య లేచి, ఊరంతా చూసేలా ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.